61 ఏళ్ల కుర్చీ, 46 ఏళ్ల అభ్యర్థి: దక్షిణ తెలంగాణలో కొలువుల పేచీ

పుట్టపాకలో మగ్గం నేసే ఒకాయనకు 50 ఏళ్లు నిండాయనుకుందాం. రాష్ట్ర ప్రభుత్వం లెక్కలో ఆయన చేనేత పెన్షన్‌కు అర్హుడు. అదే మనిషికి డిగ్రీ ఉంటే, అదే ప్రభుత్వం లెక్కలో 2024 గ్రూప్-1 రాయడానికీ అర్హుడే. యూనిఫాం లేని ఉద్యోగాలకు గరిష్ఠ వయసును 2024లో రెండేళ్ల గడువుతో 44 నుంచి 46కు పెంచారు. బీసీలకు ఉన్న ఐదేళ్ల సడలింపు కలిపితే 51 దాకా వస్తుంది. అంటే ముసలితనం కింద వచ్చే పెన్షన్ తీసుకుంటూనే నిరుద్యోగి కింద హాల్‌టికెట్ కూడా తీసుకోవచ్చు. రూల్స్ ప్రకారం ఇందులో తప్పేమీ లేదు.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికి కూడా 50కే పెన్షన్. కూలినాలి చేసుకుని బతికేవాళ్లకు 57 నిండితే వృద్ధాప్య పెన్షన్. ఆర్టీసీ డ్రైవర్ 60కి, బడిపంతులు 61కి, అంగన్‌వాడీ టీచర్ 65కి దిగిపోవాలి. ఎమ్మెల్యేకు ఏ వయసూ అడ్డు లేదు. మనిషి ఎప్పుడు పెద్దవాడవుతాడన్నది అతని ఒంట్లో సత్తువను బట్టి కాక, అతనికి డబ్బు ఏ పద్దు నుంచి వెళ్తుందన్నదాన్ని బట్టి తేలుతోంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నలభై ఏళ్లకే నడుం వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్లకు ఈ అంకెలు మరీ వింతగా కనిపిస్తాయి.

పెద్దలు కుర్చీ వదలడం లేదు కాబట్టి పిల్లలకు కొలువులు రావడం లేదన్న మాట నల్గొండలోనూ, పాలమూరులోనూ జిల్లా లైబ్రరీల్లో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల దగ్గర తరచుగా వినిపిస్తుంది. మా కష్టంతో వచ్చిన ఉద్యోగం, ఓపిక ఉన్నన్నాళ్లు చేస్తే తప్పేంటన్నది పెద్దల జవాబు. ఇద్దరి మాటా తేలిగ్గా తీసేయాల్సింది కాదు. కాకపోతే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ పేచీ పడుతున్నారు గానీ, మధ్యలో ఖజానా అనే మూడో పార్టీ ఒకటి ఉంది. దాని లెక్క చూడకుండా ఈ గొడవ అర్థం కాదు.

పేచీ ముదిరింది 2021 మార్చిలో. ఆ నెల 14న మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్, నల్గొండ–ఖమ్మం–వరంగల్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానాలకు పోలింగ్ జరిగింది. దక్షిణ తెలంగాణ పట్టభద్రులంతా ఈ రెండింటి కిందికే వస్తారు. ఎప్పుడో డిగ్రీ పాసై కొలువులో స్థిరపడిన ఉద్యోగి, నిన్నగాక మొన్న డిగ్రీ పాసై నోటిఫికేషన్ కోసం చూస్తున్న కుర్రాడు, ఇద్దరూ ఒకే జాబితాలో ఓటర్లు. రెండు సీట్లూ అప్పటి అధికార పార్టీయే గెలిచింది. 20న ఫలితాలు తేలాయి. 22న ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో 30 శాతం ఫిట్‌మెంట్ (మూల జీతంలో పెంపు) ప్రకటించి, రిటైర్మెంట్‌ను 58 నుంచి 61 ఏళ్లకు పెంచుతామన్నారు. 61 ఏళ్ల హామీ 2018 ఎన్నికల నాటిదే. బిస్వాల్ నాయకత్వంలోని వేతన సవరణ కమిషన్ (పీఆర్సీ) మాత్రం 7.5 శాతం ఫిట్‌మెంట్, 60 ఏళ్ల రిటైర్మెంట్ చాలన్నది. ప్రభుత్వం రెండింటినీ పెంచే ఇచ్చింది. మార్చి 30 నుంచి కొత్త వయసు అమల్లోకి వచ్చింది.

ఆ తర్వాత మూడేళ్లు, 2024 మార్చి ఆఖరు దాకా, తెలంగాణలో వయసు నిండి దిగిపోయిన ప్రభుత్వ ఉద్యోగులు దాదాపు లేరు. ఆంధ్రప్రదేశ్ 2014లోనే 58ని 60 చేసింది, 2022లో 62 చేసింది. కాబట్టి ఇది ఒక్క తెలంగాణ చేసిన పనేమీ కాదు.

ఇక అసలు ప్రశ్న. పెద్దవాళ్లు పనిలో కొనసాగితే కుర్రాళ్లకు పని తగ్గుతుందా? పన్నెండు సంపన్న దేశాల లెక్కలు తీసి 2010లో ప్రచురించిన పెద్ద పరిశోధన ఒకటి ఉంది. ముసలివాళ్లను ముందే ఇంటికి పంపిన దేశాల్లో యువతకు ఉద్యోగాలు పెరిగిన దాఖలా దానికి దొరకలేదు. సంపాదించే మనిషి ఖర్చు పెడతాడు, ఆ ఖర్చు ఇంకొకరికి పని అవుతుంది. మొత్తం మీద పనులు ఇన్నే ఉంటాయని ఎవరూ గీత గీయలేదు. ఈ వాదన కంపెనీలకు, బజారుకు సరిపోతుంది. సర్కారు కొలువుకు మాత్రం సరిపోదు. అక్కడ నిజంగానే గీత ఉంది. ఒక మండలంలో తహసీల్దారు కుర్చీ ఒక్కటే. ఒక బడికి మంజూరైన టీచర్ పోస్టులు లెక్కపెట్టినన్నే. ఆ కుర్చీలో ఉన్నాయన మూడేళ్లు ఎక్కువ కూర్చుంటే వెనకాలవాడు మూడేళ్లు ఆగాల్సిందే. లైబ్రరీలో చదువుకునే కుర్రాడి కోపం ఇంతవరకు న్యాయమే.

అయితే అదే బిస్వాల్ కమిషన్ నివేదికలో ఇంకో లెక్క ఉంది. ఫిట్‌మెంట్ గొడవలో దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. మంజూరైన పోస్టులు 4,91,304. పనిచేస్తున్నవాళ్లు 3,00,178. ఖాళీలు 1,91,126. అంటే రిటైర్మెంట్ వయసు పెంచేనాటికే ప్రతి ఐదు కుర్చీల్లో దాదాపు రెండు ఖాళీగా ఉన్నాయి. మూడో కుర్చీలో కూర్చున్న పెద్దాయన లేస్తే తప్ప తనకు చోటు లేదని కుర్రాడు అనుకుంటుంటే, పక్కనే రెండు కుర్చీలు దుమ్ముపట్టి ఉన్నాయి. కొరత కుర్చీలకు కాదు, కూర్చోబెట్టే ఉద్దేశానికి. కుర్రాళ్ల వాదన తేలిపోయేది ఇక్కడే.

రిటైర్మెంట్ ఒకటి, రిక్రూట్‌మెంట్ ఒకటి. మొదటిది క్యాలెండర్ చూసుకుని నెలాఖరు తారీఖున దానంతట అదే జరిగిపోతుంది. స్టాఫ్ రూములో శాలువా కప్పుతారు, దండ వేస్తారు, సార్ గురించి నలుగురు మాట్లాడతారు, ఫొటో దిగుతారు, సాయంత్రానికి పోస్టు ఖాళీ. రెండోదానికి మాత్రం ఎవరో ఒకరు పూనుకోవాలి. శాఖ నుంచి ఖాళీల లెక్క వెళ్లాలి. అందులో ప్రమోషన్లతో నింపేవి ఎన్ని, కొత్తవాళ్లతో నింపేవి ఎన్ని అన్నది తేలాలి. రోస్టర్ (రిజర్వేషన్ల వరస) సరిచూడాలి. ఆర్థిక శాఖ అనుమతి రావాలి. అప్పుడు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు ఇండెంట్ (ఈ పోస్టులు నింపమన్న కోరిక) వెళ్తుంది. ఒక హెడ్మాస్టర్ దిగిపోతే ఆ స్థానంలోకి స్కూల్ అసిస్టెంట్, ఆయన స్థానంలోకి ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచర్) ప్రమోషన్ మీద వస్తే గానీ కింద కొత్త మనిషికి చోటు ఏర్పడదు. ప్రమోషన్లు కోర్టులో ఆగిపోతే ఈ వరస అంతా ఆగిపోతుంది. తెలంగాణ టీచర్ల విషయంలో ఏళ్ల తరబడి జరిగింది అదే.

నోటిఫికేషన్ పడ్డాక కూడా సంగతి తెలిసిందే. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 పడింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీక్ బయటపడి 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశారు. హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. నియామక పత్రాలు చేతికొచ్చింది 2025 సెప్టెంబర్ ఆఖర్లో, అదీ కోర్టు వ్యాజ్యాల మధ్య. దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో వచ్చి కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకున్నవాడికి ఈ ఒక్క ఉద్యోగం కోసం మూడున్నరేళ్లు గడిచాయి. ఏ పెద్దాయనా వాటిని లాక్కోలేదు. గరిష్ఠ వయసును 34 నుంచి 44కు, అక్కడి నుంచి 46కు పెంచడాన్ని ప్రభుత్వాలు వరంలా ప్రకటించాయి. ఆలస్యం చేసింది తామే కాబట్టి వయసు సడలించక తప్పదన్న ఒప్పుకోలు కూడా అందులో ఉంది. తెలంగాణ ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలు అని నినదించిన విద్యార్థుల్లో చాలామంది ఇప్పుడు నలభైకి అటూ ఇటూ ఉన్నారు. ఈ సడలింపు ఎక్కువగా వాళ్ల కోసమే.

ఖజానా లెక్కకు వద్దాం. మూల వేతనం 80,000 ఉన్న సీనియర్ టీచర్ ఒకరు దిగిపోతే ప్రభుత్వానికి ఏమవుతుంది? డీఏ పక్కన పెడితే, పాత పెన్షన్ కింద నెలకు సగం, అంటే 40,000 ఇవ్వాలి. ఆ స్థానంలో కొత్త ఎస్జీటీని తీసుకుంటే అతని మూల వేతనం 31,040. రెండూ కలిపితే 71,040. నెలవారీ లెక్కలో నిజానికి దాదాపు తొమ్మిది వేలు మిగులు. మరి వయసెందుకు పెంచినట్టు? దిగిపోయే రోజున ఇవ్వాల్సిన మొత్తం కోసం. గ్రాట్యుటీ 16 లక్షల దాకా ఉంటుంది. వాడుకోని సంపాదిత సెలవులకు 300 రోజుల దాకా జీతం ఇవ్వాలి. పెన్షన్‌లో 40 శాతం కమ్యుటేషన్ కింద ముందే తీసుకునే హక్కు ఉంది. జీపీఎఫ్, బీమా దాచుకున్న డబ్బు వేరే. ఇదంతా వేల మందికి ఒకేసారి చెల్లించడమంటే ఏ ఆర్థిక మంత్రికైనా టెన్షనే. వయసు పెంచితే మూడేళ్ల దాకా ఆ బిల్లు రాదు. కొత్తవాళ్లను తీసుకోకపోతే వాళ్ల జీతమూ మిగులుతుంది. పెద్దాయన మీద అభిమానంతో ఆపారనుకోవడం ఎంత పొరపాటో, కుర్రాడి మీద పగతో ఆపారనుకోవడమూ అంతే.

దీనికి తిరగబడ్డ ప్రయోగం కూడా ఈ గడ్డమీద జరిగింది. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం గద్దెనెక్కిన కొద్ది వారాలకే రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు దించింది. యువతకు అవకాశం ఇవ్వడానికే అని చెప్పింది. ఆ నెలాఖరున ఒక్క దెబ్బకు 18 వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులు ఇంటికి వెళ్లారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని కోర్టు 1985 జనవరిలో సమర్థించింది కూడా. ఆ తీర్పు వచ్చేలోపే, 1984లో, వయసు మళ్లీ 58 అయింది. మధ్యలో దిగిపోయినవాళ్లలో ఇంకా 58 నిండనివాళ్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆడపిల్ల పెళ్లి పెట్టుకుని, ఇంటికి పునాది తీసుకుని ఉన్న 55 ఏళ్ల గుమస్తాను హఠాత్తుగా ఇంటికి పంపితే ఆ ఇంట్లో చదువుకుంటున్న కొడుకు కూడా రోడ్డున పడతాడని అప్పుడు అనుభవంలోకి వచ్చింది.

ఈ గొడవను ‘తరాల పోరు’ అని పిలిచేవాళ్లు మరిచిపోయే సంగతి కూడా ఇదే. ఇద్దరు ప్రత్యర్థులు ఒకే ఇంట్లో ఉంటారు. 61 ఏళ్లకు వ్యతిరేకంగా ధర్నాలో కూర్చున్న కుర్రాడికి కోచింగ్ ఫీజు, హాస్టల్ కిరాయి, టెస్ట్ సిరీస్ డబ్బులు ఒకటో తారీఖున నాన్న జీతంలోంచి ఫోన్‌పేలో వస్తాయి. నాన్నకు మూడేళ్లు పొడిగింపు దొరక్కపోతే కొడుకు ప్రిపరేషన్ 2021లోనే ఆగిపోయేది. కొడుక్కి ఉద్యోగం వచ్చి ఉంటే నాన్నకు పొడిగింపు మీద అంత ఆశ ఉండేదీ కాదు. వెనకాల ఉద్యోగి లేని ఇంటి పిల్లవాడి సంగతి ఇంకోటి. పోటీలో అతనికి ముందుగా అడ్డు తగిలేది ముసలి ఉద్యోగి కాదు, ఆ ఉద్యోగి కొడుకే. వాడికి ఇంకో ఐదేళ్లు చదువుకునే వెసులుబాటు ఉంది, ఇతనికి లేదు.

2024 మార్చి 31తో గేటు తెరుచుకుంది. ఆపి ఉంచిన రిటైర్మెంట్లు మొదలయ్యాయి. మూడేళ్లు వాయిదా పడ్డ బిల్లు కూడా వచ్చింది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్ డబ్బులు నెలల తరబడి రాలేదని రిటైరైనవాళ్లు ధర్నాలకు దిగారు. హైకోర్టుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. ముప్ఫై ఏళ్లు సర్వీసు చేసిన మనిషి ట్రెజరీకి వెళ్లి బిల్లు పాసైనా డబ్బు పడలేదేంటని అడగాల్సి రావడం, డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) ర్యాంకు వచ్చిన పిల్ల పోస్టింగ్ ఎప్పుడని అడగడం, రెండూ ఒకే జబ్బు లక్షణాలు. కొత్త ప్రభుత్వం వచ్చాక 11,062 పోస్టుల డీఎస్సీ వేసి, 2024 అక్టోబర్‌లో నియామక పత్రాలు ఇవ్వడం ఈ మధ్య కాలంలో చెప్పుకోదగ్గ పని. రిటైరయ్యాక కూడా కాంట్రాక్టు పేరుతోనో, సలహాదారు పేరుతోనో కొనసాగుతున్నవాళ్లను తప్పించాలని 2025 మార్చిలో ఆదేశాలూ ఇచ్చారు. ఈ రెండోదాన్ని నిరుద్యోగులు ఎక్కువగా మెచ్చుకున్నారు. 61 దాటినా కుర్చీలో ఉండటం వాళ్ల దృష్టిలో హక్కు కాదు, పలుకుబడి.

అసలు తరాల గాయం ఎక్కడ తగిలిందో చూడాలంటే 2021 డిసెంబర్ నాటి 317 జీవో దగ్గరికి వెళ్లాలి. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లా మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాలగా చీలింది. 2019లో నారాయణపేట విడిపోయింది. పాత నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచాలి. దానికి పెట్టుకున్న కొలబద్ద సీనియారిటీ. జాబితాలో పైన ఉన్నాయన ముందు ఎంచుకుంటాడు, కింద ఉన్నవాడికి మిగిలింది దక్కుతుంది. పిల్లల చదువులు, సొంతిల్లు, ఆస్పత్రి, హైదరాబాద్‌కు దగ్గర రోడ్డు చూసుకుని సీనియర్లు కోరుకుంటే, పదేళ్ల సర్వీసు కూడా లేని టీచర్ తాను పుట్టిన జిల్లా వదిలి వేరే జిల్లాకు పోవాల్సి వచ్చింది. బదిలీ అయితే ఎప్పటికైనా తిరిగి రావచ్చు. ఇది బదిలీ కాదు, శాశ్వత కేటాయింపు. భార్య ఒక జిల్లాలో, భర్త ఒక జిల్లాలో పడ్డ కేసులు సంవత్సరాల తరబడి నడిచాయి. 2024లో మంత్రివర్గ ఉపసంఘం వేసి విన్నారు.

ఇందులో పైకి కనిపించని దెబ్బ ఇంకొకటి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా కేడర్ పోస్టుల్లో 95 శాతం ఆ జిల్లా స్థానికులకే. ఎస్జీటీ పోస్టు అలాంటిదే. సీనియర్లు చేరిన జిల్లాలో ఐదారేళ్లలో ఖాళీలు ఏర్పడతాయి. ముప్ఫై ఏళ్ల జూనియర్లు వచ్చి చేరిన జిల్లాలో ఆ పోస్టులు మరో ముప్ఫై ఏళ్లకు గానీ ఖాళీ కావు. అంటే ఒక జిల్లా నిరుద్యోగి తన భవిష్యత్తును పక్క జిల్లా జూనియర్‌కు ఇచ్చుకున్నాడు, తనకు తెలియకుండానే. పెద్దవాళ్లు ఇంకో మూడేళ్లు ఉన్నందుకు వచ్చిన నష్టం మూడేళ్లతో పోతుంది. ఈ నష్టం ఒక తరంతో గానీ పోదు. అయినా 61 మీద జరిగినంత రచ్చ నిరుద్యోగుల వైపు నుంచి 317 మీద జరగలేదు. అప్పట్లో వీధికెక్కింది ఎక్కువగా టీచర్లే.

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ కథకు ఎవరూ ఊహించని మలుపు. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెప్పే, సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలి ఉన్న టీచర్లంతా రెండేళ్లలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం ఉండదంది. ఐదేళ్లలోపు మిగిలినవాళ్లు కొనసాగవచ్చు, ప్రమోషన్ మాత్రం కావాలంటే టెట్ ఉండాల్సిందే. దీంతో పాతికేళ్లుగా పాఠం చెబుతున్న 52 ఏళ్ల సారు శిశు వికాసం, పెడగాజీ పుస్తకం కొనుక్కుని రాత్రిపూట చదవాల్సి వచ్చింది. 150 మార్కుల పేపర్, ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే పాస్. డీఎస్సీకి సిద్ధమవుతున్న ఇరవై మూడేళ్ల అమ్మాయికి ఆ సిలబస్ కంఠతా వచ్చు. తన దగ్గర చదువుకున్న పిల్లల్ని సారు నోట్స్ అడగాల్సిన రోజొచ్చింది. కొన్నిచోట్ల కుర్రాళ్లు దీన్ని చూసి సంతోషించారు. ఆ సంతోషం తొందరపాటు. పరీక్షలో తప్పి దిగిపోయినవాడి పోస్టు కూడా ఆ ఖాళీల లెక్కలోకే, ఆ ఆర్థిక శాఖ అనుమతిలోకే వెళ్లాలి.

పెద్దల నుంచి పిల్లలకు కొలువు నేరుగా అందిస్తామన్న చోటు వీఆర్ఏల (గ్రామ రెవెన్యూ సహాయకుల) వ్యవహారం. నీరటి, మస్కూరు, లష్కర్ అని తరాల నాటి పేర్లతో ఊరి పనులు చేసినవాళ్లు వీళ్లు. 2023 జులైలో ఆ వ్యవస్థను రద్దు చేసి 20,555 మందిని క్రమబద్ధీకరిస్తామన్నారు. అందులో 61 ఏళ్లలోపువాళ్లు 16,758. మిగిలిన 3,797 మంది వయసు దాటిపోయినవాళ్లు. వాళ్ల వారసులకు ఉద్యోగం ఇస్తామని చెప్పారు. 61 దాటాక కూడా అంతమంది పని చేస్తూనే ఉన్నారన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. జీతం చిన్నదైతే రిటైర్మెంట్ వయసు గురించి ఎవరికీ పట్టింపు ఉండదు, దిగిపొమ్మని ఏ నిరుద్యోగీ ధర్నా చేయడు. ఆ వారసుల నియామకాలు వెంటనే జరగలేదు. వారసత్వం రాజకీయాల్లో అయితే ఇంత ఆలస్యం కాదు. నాగార్జునసాగర్ సీటులో నోముల నర్సింహయ్య చనిపోతే 2021 ఉప ఎన్నికలో కొడుకు భగత్ గెలిచారు, ఓడిన జానారెడ్డి కొడుకు జైవీర్ రెడ్డి 2023లో అదే సీటు గెలిచారు.

ఆర్టీసీని కూడా ఒకసారి చూడాలి. 2019లో 52 రోజుల సమ్మె ముగిశాక డిసెంబర్‌లో రిటైర్మెంట్ వయసును 58 నుంచి 60 చేశారు. కొత్త డ్రైవర్ల భర్తీ మాత్రం ఏళ్ల తరబడి జరగలేదు. 2025లో వెయ్యి డ్రైవర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. ఈ మధ్య కాలంలో ఖాళీని నింపింది అద్దె బస్సులు. ఒకే బస్టాండ్‌లో, ఒకే రూటు మీద, ఒక బస్సులో 58 ఏళ్ల రెగ్యులర్ డ్రైవర్ ఉంటాడు, వెనకాల అద్దె బస్సులో 28 ఏళ్ల కుర్రాడు ఉంటాడు. స్టీరింగ్ అదే, టిక్కెట్టు ధర అదే. కుర్రాడి జీతం బస్సు యజమాని ఇచ్చినంత, పీఎఫ్ గురించి అడిగే ధైర్యం ఉండదు. పెద్దాయన దిగిపోతే ఆ రెగ్యులర్ పోస్టు ఈ కుర్రాడికి వస్తుందా, ఇంకో అద్దె బస్సు వస్తుందా అన్నదే అసలు ప్రశ్న. ఇన్నాళ్లు వచ్చింది రెండోదే.

సర్కారు గేటు బయట పేచీ వేరే రకం. అక్కడ పెద్దవాళ్ల పనిని కుర్రాళ్లు కోరుకోవడం లేదు. మోకు, ముస్తాదు కట్టుకుని తాడెక్కే గీత కార్మికుల్లో యాభై దాటినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు, కొడుకులు చెట్టు ముట్టడం లేదు. గట్టుప్పల్, పుట్టపాక మగ్గాల మీదా అంతే. నేతగాని పిల్లలు చౌటుప్పల్ ఫార్మా కంపెనీల షిఫ్టులకో, హైదరాబాద్‌కో పోతున్నారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తా మోసే పనికి బీహార్ హమాలీలు లేకపోతే గడవదు. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా వలస కూలీలు ఇళ్లకు నడుస్తుంటే, మే నెలలో బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా హమాలీలు ప్రత్యేక రైల్లో తెలంగాణకు వచ్చారు. వాళ్లు పోయిన జిల్లాల్లో నల్గొండ ఒకటి. డిగ్రీ ఉన్న నల్గొండ కుర్రాడు అశోక్‌నగర్‌లో ఉంటే, నల్గొండ మిల్లులో బీహార్ కుర్రాడు ఉన్నాడు.

ఉపాధి హామీ పనిలో మాత్రం వయసు నేరుగా తగువు పెడుతుంది. 2006లో ఈ పథకం మొదటి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి. కూలి కొలత మీద వస్తుంది. గుంపు అంతా కలిసి ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి తీశారో కొలిచి, హాజరు ప్రకారం పంచుతారు. గుంపులో అరవై దాటిన అవ్వలు నలుగురు ఉంటే కొలత తగ్గుతుంది, అందరి కూలీ పడిపోతుంది. అందుకే వయసు మళ్లినవాళ్లను తమ గుంపులో కలుపుకోవడానికి కొందరు ఇష్టపడరు. ‘ముసలోళ్లంతా ఒక గుంపు కట్టుకోండి’ అని మేట్ తేల్చేస్తాడు. చట్టంలో 18 నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. గుంతలో మాత్రం ఉంది. కొడుకు, కోడలు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని పూణేకో, ముంబైకో పోతే మనవళ్లను చూసుకుంటూ ఆ గుంతలో దిగేది ఈ అవ్వలే. పాలమూరు వలసలో ఊళ్లో మిగిలే శ్రామికుడు ముసలి శ్రామికుడే. 57కు వచ్చే పెన్షన్ వాళ్లను పని మాన్పించలేదు, మాన్పించేంత డబ్బు కాదది.

అంగన్‌వాడీల గురించి ఒక్క మాట. 65కు దిగిపోయేటప్పుడు టీచర్‌కు లక్ష, ఆయాకు 50 వేలు ఇస్తామని 2023లో చెప్పారు, 2024లో దాన్ని రెండు లక్షలు, లక్ష చేస్తామన్నారు. అదే మండలంలో దిగిపోయే టీచర్‌కు గ్రాట్యుటీ ఒక్కటే 16 లక్షల దాకా. ఇంత తేడా ఉన్నచోట అంగన్‌వాడీ టీచర్ 65 దాకా ఎందుకు ఉంటుందో అడగక్కర్లేదు.

రాబోయే పదేళ్లలో లెక్క మళ్లీ మారుతుంది. 1994, 1996, 1998 డీఎస్సీల్లో పాతికేళ్ల వయసుకు టీచర్లయినవాళ్లకు 2030–2034 మధ్య 61 నిండుతాయి. అప్పుడు ఒకేసారి పెద్ద సంఖ్యలో ఖాళీలు వస్తాయి. పాత మహబూబ్‌నగర్, పాత నల్గొండల్లో కూడా. కానీ ఆలోపు చాలా ప్రభుత్వ బడుల్లో పిల్లలు తగ్గుతున్నారు, తగ్గినకొద్దీ రేషనలైజేషన్ పేరుతో పోస్టులు కదులుతాయి, కొన్ని ఎగిరిపోతాయి. మిగిలినవి ఏ జిల్లాలో ఎక్కువ పడతాయన్నది ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్లలకు తెలియదు గానీ, 2021 డిసెంబర్‌లో సీనియర్లు పెట్టుకున్న ఆప్షన్ ఫారాల్లో అది ఇప్పటికే చాలావరకు తేలిపోయింది.